మిట్టమధ్యాహ్నపు ఆట

"నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావుగా, నాతో రా" అన్నారు మా ఆయన.

ఆ మాట అనేసరికి నేను అడుగంటిన గిన్నె తోముతున్నాను. సెలవులకని వచ్చిన ఊళ్ళో, అద్దెకు తీసుకున్న గదిలో, రెండు చేతులూ ఒకేసారి పట్టనంత ఇరుకు తొట్టిలో. ఆ గదికి సముద్రం కనిపించే కిటికీ లేదు కానీ పొయ్యి ఉంది. పొయ్యి ఉంది కాబట్టే ఆయన ఆ గది ఒప్పుకున్నారు. "హోటల్ తిండి మనకి పడదు" అని బయలుదేరకముందే తీర్మానం చేసేశారు. మనకి అంటే ఎవరికో నేను అడగలేదు. నాకైతే బ్రహ్మాండంగా పడుతుంది. ఇంకెవరో వండి, ఇంకెవరో వడ్డించి, తిన్న కంచం కూడా ఇంకెవరో తీసుకుపోయే తిండి ఏదైనా సరే, ఉప్పు లేకపోయినా సరే, నాకు అమృతమే.

నేను ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాను. పొద్దున వచ్చే రక్తం సీసాల దగ్గర మొదలుపెట్టి సాయంత్రం సంతకాలు పెట్టే రిపోర్టుల దాకా నిలబడే ఉంటాను. అక్కణ్ణుంచి ఇంటికొచ్చి వంటింట్లో నిలబడతాను. కాళ్ళ మీద నరాలు పచ్చటి తీగల్లా పైకి తేలాయి. ఒంట్లో బాగాలేనప్పుడు కూడా వాడుకోకుండా ఒక్కొక్కటిగా దాచుకున్న సెలవులివి. సముద్రం ఉన్న ఊరు వెళ్దామన్నది నేనే. పెద్ద ఆశలేమీ లేవు. ఎవరూ పిలవని చోట ఒక కుర్చీలో కూర్చోవాలి, కూర్చున్నదాన్ని వెంటనే లేవకుండా ఉండాలి, అంతే. అమ్మాయికి పరీక్షలు, హాస్టల్లో ఉండిపోయింది. అత్తయ్య, ఆయన, నేను. ముగ్గురికీ వండటం పెద్ద పనేం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. సముద్రం మాట ఎత్తగానే ఆయన మారు మాట లేకుండా ఒప్పుకోవడం చూసి, ఈ వయసులో ఈయనకి నా మీద ఇంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందా అని మురిసిపోయాను కూడా. ఆ ఊళ్ళో మునిసిపాలిటీ వాళ్ళ గోల్ఫ్ మైదానం ఒకటి ఉందని, బయటి ఊరి వాళ్ళని కూడా ఆడనిస్తారని దిగాక తెలిసింది.

ఆయనకి గోల్ఫ్ పిచ్చి పట్టుకోవడానికి కారణం ఆట కాదు. తన కన్నా వెనక చేరిన వాడొకడు ఆఫీసులో తన కన్నా ముందుకెళ్ళాడు. పై కుర్చీలు ఎవరికివ్వాలో గోల్ఫ్ మైదానంలోనే తేలుతుందని ఎవరో ఈయన చెవిలో ఊదారు. రిటైరైపోతున్న ఒక ఆఫీసరు దగ్గర పాత కర్రలు, తోలు చిరిగిన బ్యాగు కొనుక్కొచ్చారు. హాల్లో కర్ర ఊపుతూ సాధన మొదలుపెట్టి లైటు బుడ్డి పగలగొట్టారు. నేను గాజు ముక్కలు ఊడుస్తుంటే, "జాగ్రత్త, కాళ్ళకి గుచ్చుకుంటాయి" అన్నారు అత్తయ్య, వాళ్ళబ్బాయితో. ఆదివారాలు ఆటకి, మిగతా రోజులు ఆ ఆట గురించి మాటలకి. "మగాడన్నాక ఏదో ఒక సరదా ఉండాలమ్మాయ్, తాగుడు కాదు, పేకాట కాదు, సంతోషించు" అనేవారు అత్తయ్య. నేను సంతోషించేదాన్ని. అది కూడా నా పనుల్లో ఒకటి.

ఈ ఊళ్ళో ఆ సరదాని చవకగా ఎలా తీర్చుకోవాలో ఆయన వచ్చిన సాయంత్రమే వెళ్ళి కనుక్కున్నారు. తెల్లవారుజామున, చల్లబడ్డాక సాయంత్రం పూట ధర ఎక్కువ. మిట్టమధ్యాహ్నం ఎవరూ రారు కనక సగానికి సగం తగ్గిస్తారు. కొత్త బంతులు కొనక్కర్లేదు, పొదల్లో దొరికిన పాత బంతుల్ని సంచీలో పోసి అమ్ముతారు. బ్యాటరీ బండి అక్కర్లేదు, నడవచ్చు. ఇక మిగిలింది బ్యాగు మోసే మనిషి. మోసేవాళ్ళని కేడీలంటారని ఆయన వివరిస్తుంటే అత్తయ్య బెదిరిపోయారు.

"కేడీలంటే పోలీస్ స్టేషన్లో ఫొటోలు తగిలిస్తారే, వాళ్ళేనా? వాళ్ళ వెంట తిరుగుతావట్రా?"

ఆయన నవ్వారు. ఆ కేడీ వేరు, ఈ కేడీ వేరు అన్నారు. వాళ్ళని పెట్టుకుంటే కూలి ఇవ్వాలి. కానీ మైదానం వాళ్ళు మంచివాళ్ళట, మన మనిషిని మనం తెచ్చుకోవచ్చట, ఆ మనిషికి టికెట్ కూడా ఉండదట. ఆ "మన మనిషి" అన్న మాట ఆయన ఎంత ఆప్యాయంగా అన్నారంటే, గిన్నె తోముతున్న నేను తలెత్తి చూశాను. అప్పుడే అన్నారు, నువ్వెలాగూ ఖాళీగానే ఉంటావుగా అని.

కాదనలేదు నేను. ఎండలో అంత బరువు మొయ్యలేనని అందామనుకున్నాను. కానీ ఆ మాట అన్నాక ఎంతసేపు మాట్లాడాల్సి వస్తుందో నాకు తెలుసు. ఆయన మొహం ముడుచుకోవడం, అత్తయ్య నిట్టూర్పు, సెలవులన్నీ నా ఒక్క మాట వల్ల పాడైపోయినట్టు గదిలో మౌనం. ఇవన్నీ మోసే కంటే బ్యాగు మొయ్యడమే తేలికనిపించింది.

చెమట ఆరని ఊరది. ఉతికిన బట్టలు ఆరవు, తుడిచిన గచ్చు ఆరదు, స్నానం చేసొచ్చిన ఒళ్ళు ఆరదు. గాలి ఉంటుంది కానీ, తడిగుడ్డతో మొహం మూసినట్టుంటుంది. పొద్దున లేచి కాఫీలు, టిఫిను, ఆ వెంటనే మధ్యాహ్నానికి వంట, అత్తయ్యకి వేణ్ణీళ్ళు, అందరి బట్టలు. అవన్నీ ముగించుకుని ఎండ నడినెత్తికొచ్చిన వేళకి మైదానం గేటు దగ్గర నిలబడ్డాను. కౌంటర్లో ఉన్న అతను మా ఇద్దర్నీ చూసి రెండు టికెట్లు చింపబోయాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఒకటే. తను ఆడదు, మోస్తుంది" అన్నారు. అతను నా వంక ఒకసారి చూసి, బల్ల కింది నుంచి నారింజ రంగు చొక్కా లాంటిది తీసి ఇచ్చాడు. చేతులు లేవు, పక్కన తాళ్ళు కట్టుకోవాలి. వెనక పెద్ద అక్షరాలతో "సహాయకులు" అని రాసుంది. నాకన్నా ముందు ఎవరో తొడుక్కున్న చెమట ఇంకా దానికి తడిగానే ఉంది.

"రూలట, వేసుకో" అన్నారు ఆయన. వేసుకున్నాను.

గోల్ఫ్ అంటే ఏమిటో తెలియని వాళ్ళకి చెప్తున్నాను. మన ఊరి చెరువంత మైదానంలో, చిన్న చెంబు పట్టేంత గుంట ఒకటి తవ్వి, అందులో బంతి పడే దాకా కర్రతో కొట్టుకుంటూ పోవడం. పడ్డాక ఇంకో గుంట వెతుక్కుంటూ పోవడం. కొట్టేది ఆయన, పోయేది ఇద్దరం. ఒక్కో దెబ్బకి ఒక్కో కర్ర కావాలి. ఆయన చెయ్యి చాపితే నేను ఇవ్వాలి, కొట్టాక తీసుకుని మట్టి తుడిచి పెట్టాలి. బ్యాగు పట్టీ భుజం మీద ఒకే చోట కోసుకుపోతుంది. అన్నిటికన్నా పెద్ద పని బంతులు వెతకడం. పోయిన బంతికి బదులు ఇంకోటి తియ్యడం ఆయనకి ప్రాణసంకటం. "అదిగో, ఆ పొదలోకే వెళ్ళింది, చూడు" అని నీడలో నిలబడేవారు. నేను చీర ఎగ్గట్టుకుని ముళ్ళలోకి చేతులు పెట్టేదాన్ని. దొరక్కపోతే, "సరిగ్గా చూడలేదు నువ్వు" అనేవారు. ఇంట్లో తాళాలు దొరక్కపోయినా, కళ్ళజోడు దొరక్కపోయినా, చొక్కా గుండీ దొరక్కపోయినా నేను సరిగ్గా చూడకపోవడం వల్లే. అందుకని అది నాకేం కొత్తగా అనిపించలేదు. తెచ్చుకున్నది ఒక్క సీసా నీళ్ళు. ఆడేవాళ్ళకి దాహం ఎక్కువవుతుంది కదా అని ఆయన ముందు తాగేవారు. మిగిలితే నేను.

సాయంత్రం గదికొచ్చి ఆయన మంచం మీద వాలిపోయారు. అత్తయ్య తడి తువ్వాలుతో కొడుకు మొహం తుడుస్తూ, పాపం ఎండలో ఎంతసేపు ఆడాడో అని కుమిలిపోయారు. నేను చెప్పులు విప్పి, బొబ్బ చిట్లిన మడమ చూసుకుంటుంటే, "నడక మంచిదే అమ్మాయ్, నీకు ఒళ్ళు తగ్గుతుంది" అన్నారు. రాత్రికి ఏం వండుతున్నావని కూడా అడిగారు.

ఇలా ఇంకో రెండు మధ్యాహ్నాలు గడిచాయి. ఆ తర్వాతి రోజు వాళ్ళు కనిపించారు.

మైదానం సగం దాటి ఉంటాం. నాకు అప్పటికే కళ్ళ ముందు చిన్న చిన్న చుక్కలు తిరుగుతున్నాయి. దూరంగా చెట్ల మధ్య నుంచి తెల్లటి బ్యాటరీ బండి ఒకటి వస్తోంది. దాన్ని నడుపుతున్నాయన్ని చూసి మా ఆయన ఉలిక్కిపడి, చొక్కా లోపలికి దోపుకున్నారు. ఆఫీసులో అందరికన్నా పైనుండే పెద్దాయనట. పక్కన వాళ్ళావిడ. ఆయన ఆడే ఖరీదైన క్లబ్బులో ఏదో పోటీ జరుగుతోందని, ఆ ఒక్కరోజుకీ ఈ మామూలు మైదానానికి వచ్చారని తర్వాత మాటల్లో తెలిసింది.

ఇక్కడ నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. గబగబా కొంగుతో మొహం తుడుచుకున్నాను. నుదుటికి అంటుకున్న జుట్టు వెనక్కి తోసుకున్నాను. బొట్టు ఉందో చెరిగిపోయిందో వేలితో తడిమి చూసుకున్నాను. పరిచయం చేస్తారు కదా, ఆయనకి చిన్నతనంగా ఉండకూడదని.

మా ఆయన నా దగ్గరికి వచ్చారు. బ్యాగులోంచి కర్ర ఎంచుకుంటున్నట్టు వంగి, గొంతు తగ్గించి అన్నారు.

"కాసేపు ఏమండీ గిమండీ అనకు. ఏదన్నా అడగాలంటే సార్ అను. మిగతాది తర్వాత చెప్తాను."

ఆ మాట అర్థమయ్యే లోపే బండి వచ్చేసింది. ఆయన రెండడుగులు ముందుకేసి నమస్కారం పెట్టారు. నేను బ్యాగు పక్కన ఉన్నచోటే ఉన్నాను. పెద్దాయన కలుపుగోలు మనిషిలాగే ఉన్నారు. ఇంత ఎండలో ఆడుతున్నారంటే మీకు ఆటంటే నిజంగా ఇష్టమన్నమాట అని మెచ్చుకున్నారు. ఎండా వానా చూసుకుంటే ఆటేముంది సార్ అన్నారు మా ఆయన. చవక వేళ అని చెప్పలేదు. కుటుంబంతో వచ్చారా అని పెద్దాయన అడిగారు. అమ్మ, మా ఆవిడ వచ్చారని చెప్పారు.

"ఆవిడ్ని కూడా తీసుకురావాల్సింది" అంది పెద్దాయన భార్య.

"లేదు మేడం, తను రూములోనే ఉంది. ఎండ పడదు తనకి. కొంచెం సుకుమారం."

నేను అక్కడే ఉన్నాను. చెయ్యి చాపితే ఆయన చొక్కా అంచు అందేంత దూరంలో. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను సుకుమారం అనడం అదే మొదటిసారి. పురిటికి వెళ్ళే రోజు పొద్దున కూడా బట్టలు ఉతికే వెళ్ళాను. గ్యాసు బండ దొర్లించుకుంటూ వంటింట్లోకి తెచ్చేది నేనే. ఆ రూములో ఉన్న ఆవిడెవరో నాకు చూడాలనిపించింది. ఫ్యాను కింద పడుకుని పుస్తకం చదువుకుంటూ ఉంటుందేమో. ఎండ పడదు కాబట్టి కిటికీ తెర వేసి ఉంటుంది. ఆయన ఆమెని బాగా చూసుకుంటున్నారు. పెద్దాయన భార్య, పాపం అంత దూరం వచ్చి ఒక్కతే గదిలో కూర్చుందా అని జాలి కూడా పడింది. నా గురించి ఎవరో జాలిపడుతున్నారు, నేను వింటున్నాను, ఆ జాలి మాత్రం నా దాకా రావడం లేదు.

కలిసి ఆడదామన్నారు పెద్దాయన. మా ఆయన మొహం వెలిగిపోయింది. నాలుగేళ్ళుగా హాల్లో కర్ర ఊపింది ఈ మాట కోసమే మరి.

పెద్దాయన బ్యాగు బండిలోనే ఉంది. వాళ్ళు మాట్లాడుకుంటూ ముందు నడిస్తే నేను వెనక నడిచాను. నడుస్తుంటే మా ఆసుపత్రి వార్షికోత్సవం గుర్తొచ్చింది. ల్యాబు ఇన్‌చార్జి పదవి ఖాళీ అయిన ఏడు. అందరికన్నా అనుభవం నాదే. భోజనాల దగ్గర మా పెద్ద డాక్టరుగారు ఈయనతో, మీ ఆవిడకి ఈసారి బాధ్యత పెరగబోతోందండీ అన్నారు. ఈయన నా భుజం మీద చెయ్యి వేసి, "తనకి అలాంటి తలనొప్పులు ఇష్టం ఉండవు డాక్టరుగారూ, ఇల్లంటేనే ప్రాణం" అన్నారు. డాక్టరుగారు నా వైపు చూశారు. నలుగురిలో మొగుడి మాట కాదంటే ఏం బాగుంటుందని నేను నవ్వాను. ఆ పదవి నా దగ్గర పని నేర్చుకున్న పిల్లకిచ్చారు. ఇప్పుడు నా సెలవు చీటీ మీద సంతకం ఆ పిల్లే పెడుతుంది. ఇంటికొచ్చాక అడిగితే, "నీ మంచికే చెప్పాను, ఇల్లెవరు చూస్తారు?" అన్నారు ఈయన. నాకేం ఇష్టమో, నాకేం పడదో, నేనెక్కడున్నానో, అన్నీ ఈయనే చెప్తారు. చెప్పేటప్పుడు నేను పక్కనే ఉంటాను. అదే నాకు విడ్డూరం. వెనకాల చెప్పే అబద్ధానికి కనీసం భయం ఉంటుంది. నా ఎదురుగా చెప్పేదానికి అది కూడా అక్కర్లేకపోయింది.

మా ఆయన కొట్టిన బంతి మళ్ళీ పొదల్లోకి పోయింది. నేను అలవాటుగా వెళ్ళి వెతికి తెచ్చాను. మోచేతి దగ్గర ముల్లు గీరుకుని రక్తం కారింది. పెద్దాయన అది చూసి మెచ్చుకున్నారు.

"మనిషి మీకు బాగా దొరికింది. చెప్పక ముందే చేస్తోంది. మాకు దొరికేవాళ్ళంతా కబుర్లరాయుళ్ళే."

మా ఆయన నవ్వారు. "ఏదో సార్, చవకలో దొరికింది."

ఆ నవ్వులో ఇబ్బంది లేదు. అది నేను చూశాను. ఇబ్బందిపడుతూ అన్నా, నా కళ్ళలోకి చూడలేక తల తిప్పుకుని అన్నా, గదికి వెళ్ళాక క్షమించేసేదాన్నేమో. అలా క్షమించడం నాకు బాగా అలవాటు. కానీ ఆయన హాయిగా, ఒక మంచి బేరం గురించి చెప్పుకునే మనిషిలా నవ్వారు. నిజమే చెప్తున్నట్టు నవ్వారు. అసలు సంగతేమిటంటే అది నిజమే. ఆ రోజు మొత్తంలో ఆయన చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

వాళ్ళిద్దరూ గుంట దగ్గర వంగి చూసుకుంటున్నారు. చెట్టు నీడలో ఆపిన బండిలోంచి పెద్దాయన భార్య నన్ను పిలిచింది.

"ఇలా రా అమ్మాయ్. మొహం చూడు, ఎలా కందిపోయిందో. కాసిని నీళ్ళు తాగు."

చల్లటి సీసా నా చేతికిచ్చింది. ఆపకుండా తాగాను. గొంతులోంచి కడుపు దాకా ఆ చల్లదనం దిగడం తెలిసింది. ఆవిడ మంచిదే. కాస్త తీరిక దొరికితే ఎదుటివాళ్ళ కష్టసుఖాలు కనుక్కుని బాధపడే రకం. ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావీ పని అని అడిగింది.

"ఇరవై ఏళ్ళు దాటిందండి."

"అమ్మో. పిల్లలా?"

"ఒక్కతే కూతురండి. చదువుకుంటోంది."

"చదివించు. ఎలాగైనా చదివించు. నీలా ఎండలో మోతలు మొయ్యకూడదు అది."

"మొయ్యనివ్వనండి" అన్నాను. ఆ మాట మాత్రం నా కడుపులోంచి వచ్చింది.

ఆవిడ నా చేతికున్న గీతలు చూసింది, భుజం మీద పట్టీ కోసిన ఎర్రటి చార చూసింది, నాలుక చప్పరించింది. తర్వాత, ఇలాంటి ఆడవాళ్ళని చూస్తే ఎవరైనా అడిగే మాటే అడిగింది.

"మీ ఆయన ఏం చేస్తాడు? ఏమీ చెయ్యడా? నిన్నిలా పంపించి తను కూర్చుని తింటాడా?"

ఆవిడకి ఏం చెప్పినా సరిపోయేది. ఆఫీసులో పనండి అంటే అదీ నిజమే. లేడండి అంటే ఇంకో కాసిని నీళ్ళు, ఇంకాస్త జాలి. నేను అబద్ధమాడతానని మా ఆయనకి ఎంత నమ్మకమో చూడండి, వెనక్కి తిరిగి చూడను కూడా లేదు. నన్ను అంత దూరంలో, పెద్దాయన భార్య పక్కన, నోరున్న మనిషిని, వదిలేసి నిశ్చింతగా బంతి వైపు వంగున్నారు. ఆ నమ్మకమే నాకు ఒళ్ళు మండించింది. ఒక బల్ల మీద, ఒక కుర్చీ మీద ఉంటుంది అలాంటి నమ్మకం, పెట్టినచోటే ఉంటుందని. కుర్చీ ఎవరితోనూ ఏమీ చెప్పదు కదా. ఈ సెలవులు అయిపోతాయి, ఈ భుజం నొప్పి తగ్గుతుంది, ఆయనకి పై కుర్చీ వస్తే రావచ్చు కూడా. అప్పుడు నేను ఈవిడ ఇంటికి భోజనానికి వెళ్ళాల్సి వస్తే, నన్ను గుర్తుపడుతుందని, ఈయన అప్పుడు కూడా మా ఆవిడకి ఒంట్లో బాగాలేదని చెప్పి ఒక్కరే వెళ్తారు. నేను ఇంట్లో నుంచి కూడా మాయమైపోవాలి. ఎన్నాళ్ళని?

"ఏం చెయ్యకపోవడమేమిటండి," అన్నాను. "అదిగో, గోల్ఫ్ ఆడుతున్నారు."

ఆవిడ నేను చూపించిన వైపు చూసింది. అక్కడ ఉన్నది ఇద్దరే మగవాళ్ళు, ఒకరు ఆవిడ మొగుడు. ముందు నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

"రూములో ఉన్న సుకుమారిని నేనేనండి" అన్నాను.

ఆవిడ బండి దిగింది. నా చేతిలోని సీసా, నా మెళ్ళో గొలుసు, ఆ నారింజ రంగు చొక్కా, అన్నీ మళ్ళీ మొదటి నుంచి చూసింది. "కూర్చోండి, మీరు ముందు కూర్చోండి" అంది. నువ్వు నుంచి మీరుకి ఒక్క గుటకలో మారిపోయింది. అది కూడా నాకు నచ్చలేదని చెప్పాలి. అదే ఎండ, అదే భుజం, అదే మనిషిని. నిజంగా కూలి కోసం వచ్చినదాన్నైతే ఈ దాహం ఆవిడకి ఇంత ఘోరంగా అనిపించేది కాదు. అయినా కూర్చున్నాను. కాళ్ళు ఇక నా మాట వినేలా లేవు.

ఈలోగా మా ఆయన అటువైపు నుంచి చెయ్యి చాపి, వేళ్ళు ఆడిస్తూ కర్ర తెమ్మన్నారు. అప్పుడు పిలిచాను, గట్టిగా, ఇంట్లో ఈ గదిలోంచి ఆ గదిలోకి పిలిచినట్టే.

"ఏమండీ, నేనిక్కడ కూర్చున్నాను. మీరే వచ్చి తీసుకెళ్ళండి."

ఆ పిలుపు అర్థం కాని వాళ్ళుంటారా? పెద్దాయన తల తిప్పి నన్ను చూశారు, మా ఆయన్ని చూశారు. మా ఆయన మొహంలో రంగులు మారాయి, చివరికి నవ్వు దగ్గర ఆగాయి. గబగబా వచ్చారు.

"మా ఆవిడ సార్. సరదా మనిషి. ఒక్కరోజు నేను మోస్తాను, ఎవరైనా గుర్తుపడతారో లేదో చూద్దామని పందెం కాసింది. తనే పట్టుబట్టింది, వద్దన్నా వినలేదు." నా వైపు తిరిగి, "చెప్పు, నువ్వే కదా అన్నావు" అన్నారు.

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. ఆయన కళ్ళలో బెదిరింపు లేదు, బతిమాలడమే ఉంది. ఆ బతిమాలడానికి నేను ఎన్నిసార్లు లొంగానో లెక్కలేదు. ఒక్క నవ్వు నవ్వితే చాలు. మాట కూడా అక్కర్లేదు, తల ఊపితే చాలు.

"లేదండి," అన్నాను పెద్దాయనతో. "నేను అనలేదు. మనిషిని పెట్టుకుంటే ఖర్చని నన్ను తెచ్చారు."

పెద్దాయన తన కర్రని తనే తుడుచుకుని, ఎండ ఎక్కువగా ఉంది, ఇవాళ్టికి చాలన్నారు. వాళ్ళావిడ నన్ను బండిలో గేటు దాకా దించింది. పెద్దాయన బండి పక్కన నడిచారు. వెనకాల మా ఆయన బ్యాగు భుజాన వేసుకుని వస్తున్నారు. పట్టీ ఎటు వేసుకోవాలో తెలియక దారి పొడుగునా భుజాలు మార్చుకుంటూనే ఉన్నారు.

గదికొచ్చాక తిట్టారు. పరువు తీశానన్నారు. ఇన్నేళ్ళ కష్టం ఒక్క మాటతో గంగలో కలిపానన్నారు. ఎవరి కష్టమని నేను అడగలేదు. అంతా విని అత్తయ్య నా పక్కన కూర్చున్నారు. "వాడు తప్పే చేశాడనుకో. నలుగురిలో నువ్వు సర్దుకోవాలి కదమ్మాయ్. మేమంతా సర్దుకోలేదూ?" అన్నారు. ఆవిడ గొంతులో కోపం లేదు, ఆశ్చర్యం ఉంది. ఆవిడకి ఇలాంటి పని చెయ్యొచ్చని తెలియదు. నాకూ ఆ మధ్యాహ్నం దాకా తెలియదు.

"ఇంక ఈ ఊళ్ళో ఏ మొహం పెట్టుకుని ఉంటాం? రేపే వెళ్ళిపోదాం. సామాను సర్దు" అన్నారు ఆయన.

సర్దు అని ఆయన, సర్దుకో అని ఆవిడ. నేను ఆయన బట్టలు, అత్తయ్య బట్టలు, మందులు, తెచ్చుకున్న గిన్నెలు అన్నీ మడతలు పెట్టి సర్దాను. నా బట్టలు అలమరలోనే ఉంచాను. అది వాళ్ళు మర్నాడు పొద్దున, బండి వచ్చి కింద హారన్ కొట్టాక గానీ గమనించలేదు.

"నీ పెట్టె ఏది?" అన్నారు ఆయన.

"నా సెలవు ఇంకా ఉందండి. అది అయిపోయాక వస్తాను. గది అద్దె నేను కట్టుకుంటాను."

ఒక్కదానివే ఎలా ఉంటావు అంటారనుకున్నాను. ఎందుకు అంటారేమో అనుకున్నాను. ఏం చేస్తావిక్కడ అన్నా, నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది, కూర్చుంటానని. ఆయన నా వంక చూశారు, తర్వాత గది మధ్యలో ఉన్న రెండు పెట్టెల వంక, గిన్నెల సంచీ వంక, గోడకి చేరేసిన గోల్ఫ్ బ్యాగు వంక, చేతికర్ర పట్టుకుని నిలబడ్డ వాళ్ళమ్మ వంక చూశారు.

"మరి ఇదంతా నేనొక్కణ్ణే ఎలా మోసుకెళ్ళను?" అన్నారు.

ఆయనకి రెండు చేతులూ ఖాళీ ఉండవు కదా అని, తలుపు మాత్రం నేను తీసి పట్టుకున్నాను.